మావయ్యగారి పళ్ళు, 11.6 కిలోమీటర్లు

ఒరేయ్ శేఖరం,

మూడు నెలల బాకీ. తిట్టుకో, అడ్డు చెప్పను. అమ్మ మోకాలు అలాగే ఉంది, పెద్దవాడు పదో తరగతిలోకి వచ్చాడు, మన గుడ్లగూబ మాస్టారు రిటైరయ్యారు, నువ్వడిగిన కాగితం ఇంకా దొరకలేదు (వెతకలేదు). క్షేమ సమాచారాలు అయిపోయాయి. అసలు సంగతి చెప్పకపోతే నా పొట్ట పగిలేలా ఉంది.

పోయిన గురువారం మా అత్తగారినీ మావయ్యగారినీ డాలస్ పంపించాం. మరదలికి నెలలు నిండాయి. తెల్లవారుజామున నాలుగింటికి విమానం, ఒంటిగంటకల్లా శంషాబాద్‌లో ఉండాలని పన్నెండు కొట్టకముందే కారెక్కారు. నాలుగు పెట్టెలు, వాళ్ళిద్దరూ, మీ చెల్లెలు. ఇక నాకు చోటెక్కడిది? సాగనంపుతుంటే మావయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదురా! నా పెళ్ళిలో తాళి కట్టే వేళ నిన్ను పక్కకు లాక్కుపోయి ప్రకాశం బ్యారేజీ 70 గేట్ల కథ చెప్పిన మనిషి. అలాంటాయన నా భుజం తట్టి, తలూపి ఊరుకున్నారు. ఇల్లు విడిచి వెళుతున్న దిగులనుకున్నాం. నాకూ గొంతు పట్టేసింది, అబద్ధమెందుకు.

పది నిమిషాలకు ఫోను.

"ఏమండీ, నాన్న పళ్ళు మర్చిపోయారు!"

"పోనీలే, అమెరికాలో పళ్ళు దొరకవా? అయినా అక్కడ దిగగానే లాక్కుని పారేస్తారట" అన్నాను నిద్రమత్తులో.

"తినే పళ్ళు కాదండీ!" అని అరిచి, ఒక్క క్షణం ఆగి, "అయ్యో, తినే పళ్ళే! నోట్లోవి!"

జరిగిందేమిటంటే, దారిలో అత్తగారు సున్నుండ ఇచ్చారట, ఆయన వద్దన్నారట. సున్నుండ వద్దన్నారంటే ఏదో ప్రాణం మీదికి వచ్చిందని హడలిపోయి, లైటు వేసి నోరు తెరిపిస్తే బోసినోరు. ఇంటి గుమ్మం దాటకముందే ఆయనకు తెలుసట. చెబితే ఆవిడ తిడుతుందని అంతసేపూ నోరు మూసుకుని కూర్చున్నారు! మన దిగులంతా దండగ.

కారు అప్పటికే పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేసింది. అది నువ్వు చూడలేదు కదూ, 2009లో తెరిచారు, అప్పటికి నువ్వు మస్కట్‌లో ఉన్నావు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు గాలిలోనే ప్రయాణం. పైన కారు వెనక్కి తిరగడానికి లేదు, స్కూటరు అసలు ఎక్కడానికే లేదు. ఆరాంఘర్‌లో దిగాక ఆగుతామన్నారు. బాత్రూమ్ అలమరలో స్టీలు గ్లాసు, అందులో పళ్ళు. పిల్లల పెన్సిలు డబ్బాలోకి మార్చి, చొక్కా జేబులో పెట్టుకుని, పక్కింటి పెద్దమ్మను పిల్లల దగ్గర కూర్చోబెట్టి బయలుదేరాను.

కింద దారిలో ఆ వంతెన స్తంభాలకు అంకెలు వేసి ఉంటాయి. అత్తాపూర్ వాళ్ళకు ఇంటి నంబర్లతో పనే లేదు, "పిల్లర్ నంబర్ 143 ఎదురు సందు" అంటే చాలు, పెళ్ళి శుభలేఖ కూడా చేరిపోతుంది. మూసీ దాటాక ఆగి ఫోను చేశాను.

"ఏ పిల్లరు దగ్గరున్నారు?"

"పైన పిల్లర్లెక్కడుంటాయండీ? దీపాలున్నాయి."

నిజమే కదా! తలెత్తి చూస్తే పైన కార్ల వెలుగులు జారిపోతున్నాయి. వాటిలో ఏదో ఒకటి మా మావయ్యగారు, నోరు మూసుకుని. ఆయన పళ్ళు మాత్రం సరిగ్గా ఆయన కిందే, నా జేబులో, గుంత పడ్డప్పుడల్లా టకటకమంటూ. ఒరేయ్, నవ్వు ఆపుకోలేక ఉప్పర్‌పల్లిలో స్కూటరు పక్కకు తీసి నిలబడ్డాను. ఒక కుక్క కూడా నన్ను అనుమానంగా చూసింది.

ఆరాంఘర్‌లో ఎవరూ లేరు. అక్కడ ఆపడానికి వీల్లేదని డ్రైవరు ముందుకు వెళ్ళిపోయాడట. మీ చెల్లెలి ఫోనులో చార్జింగు అయిపోయింది. ఇక బెంగళూరు రోడ్డు మీద, లారీల మధ్య, గగన్‌పహాడ్, శంషాబాద్... ఆ లారీవాడి సంగతి వద్దులే, అది వేరే ఉత్తరం. స్కూటరు పార్కింగులో పడేసి పైకి పరుగెత్తేసరికి మావయ్యగారు గేటు దగ్గర జవానుకు పాస్‌పోర్టు చూపిస్తున్నారు. గట్టిగా పిలిచాను. వెనక్కి తిరిగి చేతులు జోడించారు, మాట లేదు. జవాను డబ్బా తీసుకుని "క్యా హై?" అన్నాడు. "దాంత్" అన్నాను. మూత తీశాడు, చూశాడు, ఎంతో మర్యాదగా మూసి ఇచ్చేశాడు.

మావయ్యగారు అద్దం వైపు తిరిగి సర్దుకుని, రెండు సార్లు దవడ ఆడించి, రెండు గంటల మౌనం తర్వాత ఆయన అన్న మొదటి మాట: "అల్లుడూ, స్కూటరుకు పార్కింగు ఎంత పుచ్చుకుంటున్నారు?"

మీ చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని తిరిగి వస్తుంటే ఎందుకో నువ్వు వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. 2006, బేగంపేట. అప్పుడు విమానాశ్రయం ఊరి నడిబొడ్డునే ఉండేది కదా, నిన్ను లోపలికి పంపి నేను అమీర్‌పేటకు నడుచుకుంటూ వచ్చేశాను. రెండేళ్ళకు, 2008 మార్చిలో, అంతా శంషాబాద్‌కు తరలిపోయింది. ఆ రోజు నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎందుకని నేనెప్పుడూ... సరే, వదిలేయ్.

సంక్రాంతికి వస్తున్నావుగా, మెట్రోలో వస్తానని కలలు కనకు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయం దాకా 31 కిలోమీటర్లకు శంకుస్థాపన చేశారు, తర్వాత ప్రభుత్వం మారింది, దారీ మారింది. మెట్రో కాగితం మీదే ఉంది, నువ్వడిగిన కాగితం లాగా. హాయిగా పుష్పక్ బస్సు ఎక్కు. పురాణంలో పుష్పకం ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదట, మన తాతగారి జట్కాకు పూర్తిగా వ్యతిరేకం! లేదా నేనే స్కూటరు మీద వస్తాను. అప్పుడు కింద నుంచే పోవాలి, పిల్లర్లు లెక్కపెట్టుకుంటూ మాట్లాడుకుందాం, నాకు నీతో చెప్పాల్సింది ఇంకొకటి ఉంది, మన రాధ

ఇదిగో, ఈ ఉత్తరం పట్టుకెళ్ళాల్సిన పెద్దమ్మగారి మనవడు కింద హారన్ కొడుతున్నాడు. వాడూ శంషాబాద్‌కే. ఉంటాను.

నీ
మూర్తి