జ్వరాల లెక్క వారం వారం చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్ సిటీ పేజీలో, జ్వరాలు అదుపులోనే ఉన్నాయి, కంగారు పడొద్దు అని అధికారులు చెప్పినట్టు వేశారు. ఎవరైనా రాస్తారేమో అని నాలుగు రోజులు చూశా. ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా.

మాది విజయవాడ సత్యనారాయణపురం, నేను రిటైర్డ్ టీచర్ని. సోమవారం మా మనవరాలికి 103 జ్వరం, దగ్గు, ఒళ్ళునొప్పులు. సూర్యారావుపేటలో ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మా టోకెన్ 64. బెంచీలు చాలక తల్లులు మెట్లమీద కూర్చున్నారు, ఒళ్ళో పిల్లలు, నుదుటిమీద తడిగుడ్డలు, ఒకళ్ళు దగ్గు ఆపితే ఇంకొకళ్ళు మొదలుపెడుతున్నారు. చీటీమీద వైరల్ ఫీవర్ అని రాసిచ్చారు. ఏ వైరస్సో తెలియాలంటే టెస్టుకి వేలల్లో అవుతుంది, రిజల్ట్ వచ్చేసరికి జ్వరమే తగ్గిపోతుంది అన్నారు, ఆ మాటా నిజమే. కాంపౌండర్ని అడిగా, బాబూ ఇన్ని జ్వరాలు చూస్తున్నారు కదా ఈ లెక్క ఎవరికన్నా పంపిస్తారా అని. మమ్మల్ని ఎవరూ అడగలేదండీ అన్నాడు.

మరి అదుపులో ఉందని ఏ లెక్క చూసి చెప్పారు? పెద్దాసుపత్రిలో శాంపిల్ తీసి ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చినవాళ్ళనే లెక్కేస్తే అది ల్యాబ్ లెక్క అవుతుంది, ఊరి లెక్క ఎలా అవుతుంది? ఇలా దగ్గుతో వచ్చే జ్వరాల్లో ఫ్లూ ఒకటి, అది ఊళ్ళో పెరుగుతోందో లేదో కనిపెట్టడానికి అందరికీ టెస్టులు అక్కర్లేదు. 100.4 జ్వరం, దగ్గు ఉండి పది రోజుల లోపు మొదలైతే ఫ్లూ లాంటి జబ్బు కింద రాసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఓపీకి వచ్చే వందమందిలో అలాంటోళ్ళు ఎంతమందో వారం వారం చూసుకుంటే పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది, కొద్దిమందికి మాత్రం శాంపిల్ తీసి ఫ్లూ వైరస్సుల్లో అది హెచ్‌1ఎన్‌1 రకమా, హెచ్‌3ఎన్‌2 రకమా అని చూస్తే చాలు. మన దేశంలో ఫ్లూ చలికాలం చివర ఒకసారి, వానల్లో ఒకసారి పెరుగుతుందని అందరికీ తెలిసిందే. జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఐడీఎస్‌పీ 2004 నుంచీ ఉంది, ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ కూడా వచ్చింది. అందులో సూర్యారావుపేట మెట్లమీద కూర్చున్న తల్లులు ఉన్నారా అనేదే నా ప్రశ్న.

స్కూల్లో పనిచేసినన్నాళ్ళూ నేను చూశా, ఫ్లూ వస్తే ముందు హాజరుపట్టీలో తెలుస్తుంది. ఒక వారంలో క్లాసులో మూడో వంతు పిల్లలు రారు, తర్వాత వారం వాళ్ళ ఇంట్లో పెద్దాళ్ళు పడకేస్తారు. మెడికల్ షాపులో పారాసెటమాల్ సిరప్ ఎన్ని అమ్ముడయ్యాయో అడిగినా తెలుస్తుంది. పైసా ఖర్చులేని ఈ లెక్కలు అడిగే నాథుడు లేడు. దగ్గుతో వచ్చే జ్వరానికి దోమల ఫాగింగ్ చేసి ఫొటోలు దిగుతారు, దోమల మందు డెంగీకి పనికొస్తుంది గానీ ఫ్లూకి ఎందుకు? మీ పేపర్ కూడా అన్నిటినీ కలిపి విషజ్వరాలు అని రాసేస్తుంది, అది విని జనం మెడికల్ షాపుకెళ్ళి అజిత్రోమైసిన్ కొనేసుకుంటున్నారు. వైరస్‌కి యాంటీబయాటిక్ పనిచెయ్యదని ఒక్క ముక్క వెయ్యండి సార్. ఏ పని చూసినా ఇంతే అయిపోయింది, డ్రైనేజీ అడిగినా, తాగేనీళ్ళు అడిగినా ఒకటే జవాబు, అంతా అదుపులోనే ఉంది.

కోవిడ్ అప్పుడు జిల్లాలవారీ బులెటిన్ రోజూ ఇచ్చారు. ఇప్పుడు వారానికి ఒక్కసారి, వార్డుల వారీగా, ప్రైవేటు క్లినిక్కుల్ని కూడా కలిపి ఇమ్మంటున్నాం. అధికారులు ఇవ్వకపోతే మీ రిపోర్టర్లు అడగాలి, కూరగాయల రేట్ల పక్కన చిన్న డబ్బా కట్టి వెయ్యండి.

మా మనవరాలికి తగ్గింది. నిన్నట్నుంచి మా ఆవిడ దగ్గుతోంది, ఆమెకి షుగర్ ఉంది. ఊళ్ళో ఫ్లూ పెరుగుతోందని ముందే తెలిసుంటే ఆమెకి టీకా వేయించి ఉండేవాళ్ళం.

ఇట్లు,
మీ పేపర్ పాత పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ