ఒక్క రోజులో హైదరాబాద్: సెలవుల్లో వచ్చే కుటుంబాలకు ముందుగా చెప్పాల్సినవి

సంపాదకుడు గారికి,

దసరా, సంక్రాంతి సెలవులు వస్తే చాలు, జిల్లాల నుంచి తెల్లవారుజామున బస్సు దిగి, మళ్లీ రాత్రి బస్సుకే వెళ్లిపోయే కుటుంబాలతో నగరం నిండిపోతుంది. తాతయ్య, నాయనమ్మ, ఇద్దరు ముగ్గురు పిల్లలు, పులిహోర డబ్బా. చేతిలో ఒక చీటీ: చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, జూపార్కు, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. సాయంత్రానికి అలసిపోయి అందరూ రద్దీని తిట్టుకుంటారు గానీ, అసలు చిక్కు ఆ చీటీలోనే ఉంది. పెద్దలతో, పిల్లలతో ఒక్క రోజులో తీరిగ్గా చూడగలిగేవి రెండు చోట్లు. సాయంత్రం చల్లబడ్డాక ఇంకొకటి.

ముందుగా వచ్చే రోజు ఏ వారమో చూసుకోవాలి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి. ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో జుమా నమాజు ఉంటుంది కాబట్టి చార్మినార్ చుట్టూ కదలడమే కష్టం. శుక్రవారం వచ్చినవారు గోల్కొండ వైపు వెళ్లడం మేలు. సోమవారం జూపార్కుకు సెలవు. జూ సుమారు 380 ఎకరాలు. పిల్లలు అడిగారని మధ్యాహ్నం మూడింటికి బయలుదేరితే సగం కూడా చూడలేరు. జూ చూడాలంటే ఆ రోజంతా దానికే ఇచ్చేయాలి.

పాతబస్తీకి వెళ్లేవారు చార్మినార్‌తో మొదలుపెట్టాలి. పైకి వెళ్లే గేటు ఉదయం తొమ్మిదిన్నరకు తెరుస్తారు, తొమ్మిదికే వరుసలో ఉంటే మంచిది. టికెట్ కౌంటర్‌లో 25 రూపాయలు, ఆన్‌లైన్‌లో 20. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఆన్‌లైన్ టికెట్ ముందురోజు రాత్రే తీసుకుని స్క్రీన్‌షాట్ పెట్టుకోవాలి. జనం నిండాక అక్కడ సిగ్నల్ అందదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా పేజీ తెరుచుకోదు. వెనకాల వరుస మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మెట్ల గురించి ఎవరూ హెచ్చరించరు. అవి మినారు లోపల గుండ్రంగా తిరుగుతూ పోయే ఇరుకు మెట్లు. మనిషి పట్టేంత వెడల్పు, వెలుతురు తక్కువ, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే పంపుతారు గానీ, మోకాళ్ల నొప్పులున్నవారికి అదీ ఎక్కువే. మధ్యలో ఆగిపోతే పైవాళ్లూ కిందవాళ్లూ అక్కడే చిక్కుకుంటారు. చంటిపిల్లను చంకనెత్తుకుని ఎక్కితే గోడ పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. అలాంటివారిని కింద కూర్చోబెట్టి, మిగిలినవారు వంతులవారీగా వెళ్లి రావాలి.

కుటుంబాలు తప్పిపోయేదీ ఇక్కడే. చార్మినార్ నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది: నాలుగు కమానులు, నాలుగు గడియారాలు. ఫోన్‌లో "చార్మినార్ ముందే ఉన్నాం" అంటే ఏ వైపో ఎవరికీ అర్థం కాదు. దిగగానే ఒక చోటు అనుకోవాలి. ఉత్తరాన గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ అయితే ఎవరిని అడిగినా చెబుతారు. గాజుల కోసం పడమటి వైపు లాడ్ బజార్‌లోకి వెళ్లినవారు కూడా అక్కడికే రావాలి. చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు చీటీ ఉండాలి. బిడ్డ కనిపించకపోతే తామే వెతుక్కుంటూ గంట పోగొట్టుకోకుండా వెంటనే అక్కడి పోలీసులకు చెప్పాలి, లేదా 112కు ఫోన్ చేయాలి.

ఎండ ముదిరేసరికి సాలార్‌జంగ్‌లో ఉంటే మంచిది. పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా ఒకటిన్నర కిలోమీటరుకు కాస్త అటూ ఇటూ. పండగ రోజుల్లో ఆటో కంటే నడకే ముందు చేరుస్తుంది. సంచులు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కాబట్టి మందులు, పాల సీసా ముందే తీసి చేతిలో పెట్టుకోవాలి. సంగీత గడియారంలో ప్రతి గంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంది. పన్నెండు కొట్టేటప్పుడు చూడాలని హాలు కిక్కిరిసిపోతుంది. పిల్లలకు కావలసింది ఆ బొమ్మ రావడమే గనక రెండింటికో మూడింటికో చూపిస్తే ముందు వరుసలో నిలబెట్టవచ్చు. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని మాత్రం వదలకండి. రాతిలో పల్చటి ముసుగు చెక్కిన ఆ పనితనం దగ్గర పెద్దవాళ్లు కూడా కదలరు.

గోల్కొండ వేరే రోజు పెట్టుకోవాలి. మెట్రో అక్కడిదాకా లేదు, బస్సులో మెహిదీపట్నం మీదుగా వెళ్లాలి. ఉదయం తొమ్మిదికల్లా లోపల ఉంటే నీడలోనే చాలావరకు ఎక్కేయొచ్చు. కోట పైభాగమైన బాలాహిస్సార్‌కు దాదాపు 360 మెట్లు. పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. మనిషికో లీటరు నీళ్లు కిందే తీసుకోవాలి. పైదాకా రాలేని పెద్దలు కింద ద్వారం దగ్గర చప్పట్ల ప్రతిధ్వని విని, దారిలో రామదాసు చెర చూసి ఆగిపోయినా లోటు లేదు.

సాయంత్రం బిర్లా మందిర్‌కు వెళ్తే ఫోన్లన్నీ కౌంటర్‌లో ఇచ్చేయాలి. ఇవ్వకముందే ఎక్కడ కలుసుకోవాలో చెప్పుకోకపోతే కిందికి దిగాక ఒకరినొకరు వెతుక్కోవడమే. మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమే గానీ, తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. ఆంధ్ర నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు టికెట్ కొనుక్కోవాలి.

ఇక అధికారులకు మా విన్నపం. ఎంజీబీఎస్ బస్టాండులో, సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ రైల్వే స్టేషన్లలో జనం దిగేచోట ఒక్కో పెద్ద బోర్డు పెట్టండి. ఏ చోటు ఏ వారం మూత, ఎన్నింటికి తెరుస్తారు, అక్కడికి ఏ బస్సు, ఎన్ని మెట్లు అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో రాయండి. చార్మినార్ మెట్ల మొదట్లో హెచ్చరిక, కింద ఆగిపోయే పెద్దలకు నీడలో నాలుగు బల్లలు వేయండి. అన్నిటికంటే ముఖ్యం మరుగుదొడ్లు. ఎక్కడున్నాయో తెలియక ఆడవాళ్లు పొద్దుటి నుంచీ నీళ్లు తాగడమే మానేస్తున్నారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం. చార్మినార్ నాలుగు దారుల్లోనూ, గోల్కొండ గేటు దగ్గరా బాణం గుర్తుతో దారి చూపే పలకలు, పండగ రోజుల్లో తాత్కాలిక మరుగుదొడ్లు వచ్చే సెలవులలోపే పెట్టించాలని కోరుతున్నాం.

— నగరంలో పర్యాటకులకు దారి చూపే కొందరు గైడ్లు, హైదరాబాద్