కిరాయి ఇంటి సంగతి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

విదేశీ చదువుల మీద మీ పేపర్లో వచ్చే పేజీని నేను వదలకుండా చదువుతాను. ఏ దేశంలో ఏ కోర్సు మంచిది, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత స్కోరు రావాలి, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, అన్నీ ఉంటాయి. దిగిన రాత్రి పిల్లలు ఎక్కడ పడుకుంటారన్నది మాత్రం ఉండదు. మా హన్మకొండలో నక్కలగుట్ట, కిషన్‌పుర వైపు ఏ కన్సల్టెన్సీలో అడిగినా ఒకటే జవాబు: "అకామడేషన్ గురించి టెన్షన్ పడకండి సార్, అక్కడ మన పిల్లలు చాలామంది ఉన్నారు." ఆ మన పిల్లల గురించే ఈ ఉత్తరం.

మా చిన్నమ్మాయి ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వెళ్లింది. వెళ్లే ముందు తెలిసినవాళ్ల ద్వారా ఒక పిల్లగాడి నంబర్ దొరికింది. "అంకుల్, మాది పరకాలే, చెల్లెను మేం చూసుకుంటాం" అన్నాడు. గది పట్టి ఉంచాలంటే డిపాజిట్ ముందే పంపాలన్నాడు. మన లెక్కలో 40 వేల పైచిలుకు. పంపాం. రసీదు అడిగితే వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టాడు.

దిగాక చూస్తే మూడు బెడ్‌రూముల ఇంట్లో ఎనిమిది మంది. హాల్లో కూడా పరుపులే. అగ్రిమెంట్ మీద ఉన్నవి నాలుగు పేర్లు, ఓనర్‌కు తెలిసింది కూడా ఆ నలుగురే. ఏజెంటు ఇల్లు చూడటానికి వస్తున్నాడని తెలిస్తే ముందు రాత్రే హుకుం వచ్చేది. పరుపులు కారు డిక్కీలోకి, ఎక్కువైన రైస్ కుక్కర్లు మంచం కిందికి, కాగితం మీద పేరు లేనివాళ్లు బయటికి. అట్లాంటి ఒక రోజు వీడియో కాల్ చేశాను. వెనక పుస్తకాల బీరువాలు కనబడుతున్నాయి, పక్కన పెద్ద సూట్‌కేసు. "లైబ్రరీలో చదువుకుంటున్న నాన్నా" అంది. చదువుకోడానికి సూట్‌కేసు ఎందుకమ్మా అంటే ఫోన్ తిప్పేసింది.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. పైసలు తీసుకుని టికెట్ కొట్టకపోతే ఉద్యోగం ఉండదని నమ్మి బతికినవాణ్ణి. అందుకే అక్కడి కాయితాల సంగతి ఏమిటో చూద్దామని కూర్చున్నాను. అమ్మాయి యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసుకు వెళ్లి అడిగింది, ఆమె చెప్పింది నేను రాసుకున్నాను. ఇవి ఇంగ్లండ్ సంగతులు, స్కాట్లాండ్‌లో చట్టం వేరు.

2019 జూన్ నుంచి మామూలు ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల కిరాయికి మించి తీసుకోకూడదు. ఇల్లు పట్టి ఉంచడానికి ఇచ్చే సొమ్ము ఒక వారం కిరాయి దాటకూడదు. ఆ డిపాజిట్‌ను ఓనరు తన జేబులో ఉంచుకోవడానికి లేదు. ప్రభుత్వం ఒప్పుకున్న స్కీముల్లో ఒకదాని కింద 30 రోజుల్లోపు నమోదు చేసి, ఆ వివరాలు కిరాయిదారుకు రాసివ్వాలి. ఇవ్వకపోతే కోర్టు డిపాజిట్‌కు మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. మామూలు వాడకంలో రంగు వెలిసిందని కోత పెట్టడానికి వీల్లేదు. నేను కూడా విద్యారణ్యపురిలో పై పోర్షన్ కిరాయికిస్తాను, ఎంజీఎంలో పనిచేసే నర్సమ్మలు ఉంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల కిరాయి పట్టుకోవడం మన దగ్గర ఎంత మామూలో నాకు తెలుసు. అందుకే ఆ చట్టం చదివి ముచ్చటేసింది.

కానీ ఆ చట్టం మా అమ్మాయికి అక్కరకు రాలేదు. గది ఇచ్చిన మనిషి తనూ అదే ఇంట్లో ఉంటే ఈ డిపాజిట్ స్కీము వర్తించదట. పరకాల పిల్లగాడు ఉండేది ఆ ఇంట్లోనే. బయటికి వచ్చేటప్పుడు గోడకు మరకలని, నోటీసు ఇవ్వలేదని సగం పట్టుకున్నాడు. ఐదుగురు, అంతకు మించి వేర్వేరు కుటుంబాలవాళ్లు వంటగది పంచుకుంటే ఆ ఇంటికి కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, లైసెన్స్ ఉండాలన్నది కూడా అక్కడ ఎవరికీ పట్టలేదు. ఇంకో చిక్కు: అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ టాక్స్, అంటే ఇంట్లో ఉండేవాళ్లు కట్టే పన్ను, ఉండదు. ఆ ఇంట్లో చదువైపోయి పని చేసుకునేవాళ్లూ ఉన్నారు. బిల్లు వచ్చింది, ఎనిమిది వాటాలేశారు.

మరి పిల్లలు తెలిసి తెలిసి అక్కడికే ఎందుకు పోతారంటే, సరైన ఇల్లు అడిగితే ఏజెంటు మనం కిరాయి కట్టకపోతే తాను కడతానని పూచీ పడే మనిషిని, ఆ దేశంలో సంపాదించే గ్యారంటర్‌ను తెమ్మంటాడు. లేకపోతే ఆరు నెలల కిరాయి ఒక్కసారే కట్టమనేవాళ్లు. వీసాకు బ్యాంకులో 28 రోజులు చూపించిన పైసలు ఉండాలి కదా అనొచ్చు. అవి ఎవరివో, 29వ రోజు ఎక్కడికి పోతాయో మన ఊళ్లో తెలియనిదెవరికి? 2025లో చేసిన కొత్త చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్లకు ముందుగా ఒక నెలకు మించి అడగకూడదు. మంచిదే. కానీ గ్యారంటర్ గొడవ పోలేదు. కొన్ని యూనివర్సిటీలు తామే గ్యారంటర్‌గా ఉంటాయి. ఈ ముక్క ఫ్లైట్ ఎక్కకముందు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు మా అమ్మాయి ఉంటున్న ఇల్లు అట్లా దొరికిందే.

అక్కడ ఇల్లు ఇచ్చే ముందు వీసా హక్కు చూడాలి కాబట్టి షేర్ కోడ్, అంటే ఆ హక్కును ఆన్‌లైన్‌లో చూసుకునే నంబరు, అడుగుతారు. ఈసారి ఏజెంటు అడిగాడు, పరకాల పిల్లగాడు అడగలేదు. హన్మకొండలో టూలెట్ బోర్డు చూసి తలుపు కొడితే ముందు అడిగేది "మీరేమోళ్లు" అని కదా, ఆ పిల్లగాడు ఫోన్లో నన్ను అడిగింది అదొక్కటే.

అక్కడున్న మనవాళ్లంతా ఇట్లాగే ఉంటారని అనను. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకుపోయి, వారం అన్నం పెట్టి, పైసా ముట్టని పిల్లలున్నారు. డిపాజిట్ తీసుకుని కాగితం ఇవ్వనివాళ్ల గురించే నా ఫిర్యాదు.

జూలై, ఆగస్టు వస్తే మళ్లీ పిల్లలు సూట్‌కేసులు సర్దుతారు. ఈలోపు ఏ దేశంలో డిపాజిట్ ఎంత, ఏ కాగితం అడగాలి, యూనివర్సిటీలో ఎవరిని కలవాలి అని ఒక్క పేజీ వేయండి. గది చూడకముందు పైసలు పంపొద్దని పెద్దక్షరాల్లో పెట్టండి. జాగా లేదంటే కన్సల్టెన్సీల యాడ్ కిందే వేయండి, చదవాల్సినవాళ్లు ఎట్లాగూ అటే చూస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
విద్యారణ్యపురి, హన్మకొండ