కార్డుకు కాదు, పెట్టె మొత్తానికి పరీక్ష పెట్టండి

కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి శ్రీ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి నమస్కారాలు.

ఫైబర్ చేరని ఊళ్లకు 5.8 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ లింకుల మీద నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్లలో నేనొకణ్ణి. 2018 అక్టోబరులో మీ శాఖ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. అంతకుముందు ఆరుబయట మాకు దక్కింది 5825–5875 మధ్యనున్న 50 మెగాహెర్ట్జే. ఆ మేలు మరిచిపోలేదు. ఇప్పుడు అడిగేది స్పెక్ట్రం గురించి కాదు, పరికరాలకిచ్చే అనుమతి గురించి.

మా టవరు మీది పెట్టె తెరిస్తే ఒక రూటర్ బోర్డు, దాని స్లాట్‌లో గుచ్చిన చిన్న రేడియో కార్డు, దాన్నుంచి బయటికొచ్చే సన్నటి పిగ్‌టెయిల్ వైరు, చివర ఎన్-టైప్ కనెక్టరు కనిపిస్తాయి. అక్కణ్ణుంచి డిష్. బోర్డు ఒక కంపెనీది, కార్డు ఇంకొకరిది, డిష్ మరొకరిది. ఈటీఏ, అంటే మీ శాఖ పరికరాలకిచ్చే అనుమతి సర్టిఫికెట్, మాత్రం కార్డుకు ఉంటుంది. అదీ విదేశీ ల్యాబ్ రిపోర్టు ఆధారంగా. మీరు డాక్టరు గారు, మీకు తెలియనిది కాదు: గుండె ఒక్కటీ చూసి మనిషి మొత్తానికి ఫిట్‌నెస్ రాసివ్వరు కదా!

నిబంధన ప్రకారం 5.8లో ఈఐఆర్‌పీ, అంటే యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ను ఒకవైపు పోగుచేసి పెంచే బలం) కూడా కలిపిన పవర్, 4 వాట్లు దాటకూడదు. పవర్ కొలిచే డీబీఎం లెక్కలో అది 36. 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్ల కార్డుకు 30 డీబీఐ (గెయిన్ కొలత) డిష్ తగిలిస్తే, రెండూ కూడుకుని 53 డీబీఎం అవుతుంది. వాట్లలో 200. పరిమితికి యాభై రెట్లు! విడివిడిగా చూస్తే కార్డుదీ తప్పు లేదు, డిష్‌దీ తప్పు లేదు. నిబంధన పాటించాలంటే కార్డును 4 మిల్లీవాట్లకు దించాలి. సాఫ్ట్‌వేర్‌లో దేశం ఇండియా అని పెట్టినా, యాంటెన్నా గెయిన్ గడిలో సున్నా వదిలేస్తే పవర్ దిగదు. పైన వేలాడుతూ డిష్ తిప్పే కుర్రాడు చూసేది సిగ్నల్ మీటరును, ఆ గడిని కాదు.

అమెరికాలో అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి పొందిన కార్డుకు, పరీక్షలో వాడిన రకం యాంటెన్నానే, అంతే గెయిన్ లేదా తక్కువది తగిలించాలి. దాంతోపాటు 5.8లో రెండు టవర్ల మధ్య నేరుగా వేసే లింకుకు కార్డు పవర్ 1 వాటు దాటకపోతే చాలు, డిష్ గెయిన్‌కు పరిమితి లేదు. కారణం సబబే. 30 డీబీఐ డిష్ కిరణం ఐదారు డిగ్రీల వెడల్పే. తొంభై డిగ్రీల మేర సిగ్నల్ పరిచే సెక్టార్ యాంటెన్నాతో పోలిస్తే పక్కవాళ్లకు ఇబ్బంది తక్కువ. మన రూలు రెంటినీ ఒకే గాటన కట్టేసింది.

ఇక పనితీరు. కార్డు డబ్బా మీద అచ్చేసే పవర్ అతి తక్కువ వేగం దగ్గరిది. వేగం పెంచేకొద్దీ పవర్ పడిపోతుంది, రిసీవర్‌కు మాత్రం ఇంకా బలమైన సిగ్నల్ కావాలి. అనుమతి పరీక్ష ఎక్కువ పవర్ చిమ్ముతోందా అని చూస్తుందే గాని పక్క ఛానల్ రొదలో రిసీవర్ నిలబడుతుందా అని చూడదు. ఎండ సంగతి సరేసరి. రెంటచింతల వైపు మే నెలలో గాలే 45 డిగ్రీలుంటే, మూసిన పెట్టెలో కార్డు పరిస్థితి ఊహించండి. పోయిన వేసవిలో మేం కొన్న కార్డుల్లో కొన్ని మధ్యాహ్నం పూట లింకు వదిలేసి సాయంత్రానికి మళ్లీ పట్టుకునేవి. సర్టిఫికెట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

ఆరుబయటకని అమ్మే ప్రతి కార్డునూ ఆమ్నీ (అన్ని వైపులా పంపే యాంటెన్నా), సెక్టార్, డిష్ మూడింటితోనూ తయారీదారు చేతే పరీక్ష చేయించండి. ఏ గెయిన్‌కు ఎంత పవర్ పెట్టాలో, వేడిలో ఎంత తగ్గుతుందో తెలిపే పట్టికను ఈటీఏ అనుమతులిచ్చే మీ సరళ్ సంచార్ పోర్టల్‌లో అందరికీ కనబడేట్టు ఉంచండి. ఆ ఖర్చు మాలాంటి వాళ్ల మీద పడకూడదు. నేరుగా వేసే లింకులకు డిష్ మినహాయింపు ఇవ్వండి. 2025 మే నాటి ముసాయిదా 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చినా, ఆరుబయట అతి తక్కువ పవరునే ఒప్పుకుంది. దాంతో పక్క వీధి దాటడం కూడా కష్టమే. కాబట్టి ఊళ్లకు నెట్ మోసేది ఇంకా కొన్నేళ్లు ఈ 5.8 కార్డులే.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక నెట్ ఆపరేటర్