జనవరి నుంచి మన ఆఫీసులో ఏం మారుతోంది, ఎందుకు మారుతోంది

నమస్కారం. న్యూజెర్సీలో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులోని మన ఇన్సూరెన్స్ ఆఫీసుకు వచ్చే పెద్దలకూ, వాళ్లను కారులో దింపి వెళ్లే పిల్లలకూ ఈ ఉత్తరం రాస్తున్నాను. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 నిండినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. అందులో ప్లాన్లు మార్చుకునే గడువు డిసెంబర్ 7తో ముగుస్తుంది. ఈలోగా రెండు విషయాలు మీకు నా నోటి నుంచే తెలియాలి. వాట్సాప్ గ్రూపుల్లో అవి ఇప్పటికే సగం సగం తిరుగుతున్నాయి.

మెడికేర్ కవరేజీని ప్రైవేటు కంపెనీల ద్వారా ఇచ్చేవి అడ్వాంటేజ్ ప్లాన్లు. మన దగ్గర చాలామంది తీసుకున్న అలాంటి ఒక ప్లాన్‌ను ఆ కంపెనీ 2026 జనవరి 1 నుంచి మన కౌంటీలో ఎత్తేస్తోంది. పేరు రాయను. ఆ ప్లాన్‌లో ఉన్నవాళ్లకు అక్టోబర్ మొదట్లోనే ఇంటికి ఉత్తరం వచ్చింది. దాని స్థానంలో అదే కంపెనీ ఇంకో ప్లాన్ పెట్టింది. అందులో కొత్తగా చేరేవాళ్ల మీద ఏజెంట్లకు కమిషన్ ఏమీ ఇవ్వబోమని మాకు ఒక ఈమెయిల్ పంపి, మేం దరఖాస్తులు పెట్టే ఆన్‌లైన్ పోర్టల్‌లోంచి ఆ ప్లాన్‌ను తీసేసింది.

ముందు టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట. ప్లాన్ పోతే మెడికేర్ పోదు. డిసెంబర్ 31లోగా మీరు ఏమీ చేయకపోయినా జనవరి 1 నుంచి ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్‌లో ఉంటారు. పోయేది మందుల కవరేజీ, ఇన్నాళ్లూ చేతి నుంచి పెట్టే ఖర్చుకు ఉన్న గరిష్ఠ పరిమితి. మీ ప్లాన్ ఎత్తేశారు కాబట్టి మీకు ప్రత్యేకంగా డిసెంబర్ 8 నుంచి ఫిబ్రవరి చివరి రోజు వరకు కూడా కొత్త ప్లాన్ ఎంచుకునే హక్కు ఉంది. అయినా డిసెంబర్‌లోనే తేల్చుకోండి, లేకపోతే జనవరిలో మందుల షాపులో పూర్తి ధర కట్టాల్సి వస్తుంది.

ఇందులో మీకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఒరిజినల్ మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చుకు ప్రైవేటు కంపెనీలు అమ్మేది మెడిగ్యాప్ పాలసీ. దాన్ని ఆరోగ్య ప్రశ్నలు లేకుండా తీసుకోగలిగేది మామూలుగా 65 నిండి పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం, మొదలైన తొలి ఆరు నెలల్లోనే. తర్వాత అడిగితే షుగర్ ఉందనో, స్టెంట్ వేశారనో కంపెనీ కాదనొచ్చు. కానీ ప్లాన్ రద్దయినవాళ్లకు కొన్ని రకాల మెడిగ్యాప్ పాలసీలను కాదనడానికి వీల్లేదు. పాత కవరేజీ ముగిశాక 63 రోజుల వరకు ఈ అవకాశం ఉంటుంది. ఏ రకాలు అనేది మీకు మెడికేర్ అర్హత 2020కి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఏడాదిలో సగం హైదరాబాద్‌లోనో విశాఖలోనో గడిపేవాళ్లు దీని గురించి గట్టిగా ఆలోచించాలి. అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉండి సర్వీస్ ఏరియా, అంటే ఆ ప్లాన్ పనిచేసే ప్రాంతం, దాటి వరసగా ఆరు నెలలు మించితే సాధారణంగా ప్లాన్‌లోంచి పేరు తీసేస్తారు. మెడిగ్యాప్‌లో ఆ బెడద లేదు. జి, ఎన్ లాంటి రకాల్లో, విదేశీ ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే ఎమర్జెన్సీ ఖర్చులో 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తారు. అదీ జీవితకాలం మొత్తానికి 50,000 డాలర్ల వరకే. కాబట్టి ఇండియాలో ఉండే మిగతా రోజులకు అక్కడి పాలసీ ఒకటి ఉండాల్సిందే.

ఇక కమిషన్ సంగతి. దీని గురించి ఏజెంట్లు నోరు విప్పరు, నేను విప్పుతాను. మీరు నాకు ఒక్క డాలరు కూడా ఇవ్వరు. మీరు చేరిన కంపెనీ ఇస్తుంది. అడ్వాంటేజ్ ప్లాన్ల మీద అది ఎంతవరకు ఇవ్వొచ్చో ప్రభుత్వం ఏటా గరిష్ఠ పరిమితి పెడుతుంది. 2025లో మన న్యూజెర్సీకి మెడికేర్‌లో కొత్తగా చేరినవాళ్ల మీద 780 డాలర్లు, ఆ తర్వాత ఏటా 390. కాలిఫోర్నియాకూ ఇదే రేటు, దేశంలో చాలా రాష్ట్రాలకు 626. విడిగా తీసుకునే మందుల ప్లాన్ మీద మొదటి ఏడాది 109, తర్వాత 55. అది పైకప్పే కానీ కనీసం ఇంత ఇవ్వాలన్న రూలు లేదు. కంపెనీ సున్నా ఇచ్చినా అడిగే నాథుడు లేడు.

ఇన్నేళ్లు ఆ కంపెనీ కార్డులు పట్టుకుని ఫోన్లు చేసింది మేము. డాక్టరు నెట్‌వర్క్‌లో, అంటే ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్ల జాబితాలో, లేడని క్లెయిమ్ తిరిగొస్తే గంటల తరబడి హోల్డ్‌లో కూర్చున్నదీ మేమే. వాళ్ల కాల్ సెంటర్‌లో తెలుగు వచ్చినవాళ్లు లేకపోతే ఆ పనీ మాదే అయింది. కనీసం ఫోన్ చేసి చెప్పాల్సిన మర్యాద ఉంది. అదీ ఎన్‌రోల్‌మెంట్ మొదలవబోయే ముందా చెప్పడం? ఈ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు.

నా ముందు మూడు దారులున్నాయి. కమిషన్ ఇచ్చే ప్లాన్లు మాత్రమే చూపించడం మొదటిది. చట్టం దానికి ఒప్పుకుంటుంది. మీ ప్రాంతంలో ఉన్న ప్లాన్లన్నీ మా దగ్గర ఉండవు, పూర్తి సమాచారానికి మెడికేర్‌నో రాష్ట్ర సలహా కేంద్రాన్నో అడగండి అని ముందే చెబితే చాలు. మా లెక్కలు చూసే సీపీఏ ఇదే చేయమన్నారు. రెండోది, అడ్వాంటేజ్ జోలికే పోకుండా మెడిగ్యాప్ మాత్రమే చూడటం. కానీ మెడిగ్యాప్‌కు నెలనెలా ప్రీమియం కట్టాలి, దానికి తోడు మందుల ప్లాన్ ఇంకొకటి తీసుకోవాలి. చిన్న సోషల్ సెక్యూరిటీ చెక్కుతో, అంటే ప్రభుత్వ పెన్షన్‌తో, నడిచే ఇళ్లకు అది కుదరదు. మూడోది, పైసా రాకపోయినా అన్నీ చూపించడం.

చాలా రోజులు నిద్ర పట్టలేదు. అద్దె, జీతాలు, లైసెన్సు ఫీజులు గుర్తొచ్చేవి. ఆ మధ్యలోనే ఒక అమ్మగారు వచ్చారు. జిప్‌లాక్ కవరులోంచి మందులన్నీ టేబుల్ మీద పరిచారు. సగం స్ట్రిప్పులు విజయవాడ నుంచి తెచ్చుకున్నవి. "టెల్మా 40 ఈ ప్లాన్లో ఉందామ్మా?" అని అడిగారు. ఇక్కడి జాబితాలో ఆ పేరుతో వెతికితే దొరకదు. స్ట్రిప్పు వెనక్కి తిప్పి, చిన్న అక్షరాల్లో ఉన్న టెల్మిసార్టాన్ అన్న పేరు చూసి వెతకాలి. ఒక్కొక్కటే అలా రాసుకుంటూ, ఆవిడ గుండె డాక్టరు ఏయే నెట్‌వర్కుల్లో ఉన్నారో పక్కన పెట్టి చూశాను. అన్నీ కుదిరింది ఆ సున్నా కమిషన్ ప్లాన్ ఒక్కదానికే. అది కళ్లముందు పెట్టుకుని ఇంకోదానికి సంతకం పెట్టించడం నా వల్ల కాదు. ఆవిడ చేత ఆ ప్లాన్‌కే దరఖాస్తు చేయించాను. నా నిర్ణయం కూడా అక్కడే అయిపోయింది.

కాబట్టి ఇకనుంచి మీ కౌంటీలో దొరికే ప్లాన్లన్నీ మీ ముందు పెడతాను. మీరు చూస్తున్న ప్రతి ప్లాన్ పక్కనా దాని మీద నాకు వచ్చేదెంతో రాసిన కాగితం ఉంటుంది. మా పోర్టల్‌లో లేని ప్లాన్ అయితే మీరే మెడికేర్ వెబ్‌సైట్‌లో గానీ, 1-800-633-4227కు ఫోన్ చేసి గానీ చేరతారు, నేను పక్కనే కూర్చుంటాను. కమిషన్ లేని ప్లాన్లను దాచిపెడతారంటూ మన గ్రూపులోనే ఒకరు రాసిన మాట చదివాను. బాధేసింది. రాసినవాళ్లు మన ఆఫీసులో కాఫీ తాగినవాళ్లే. వాళ్లూ రావచ్చు, వాళ్లకూ అదే కాగితం చూపిస్తాను.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే షిప్ అనే రాష్ట్ర సలహా కేంద్రం ఉంది, ప్రతి కౌంటీలోనూ ఉచితంగా చెబుతారు, వాళ్లు ఏ ప్లానూ అమ్మరు. నంబరు 1-800-792-8820. ముందు అక్కడికి వెళ్లొచ్చి తర్వాత నా దగ్గరికి వచ్చినా నేనేమీ అనుకోను.

ఈ నిర్ణయానికి అయ్యే ఖర్చు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. శనివారం చెప్పకుండా వస్తే ఇక కుదరదు, అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఉగాదికి ఇచ్చే పంచాంగం క్యాలెండర్ ఈసారి అచ్చు వేయించడం లేదు. కారు ఇన్సూరెన్సు, ట్యాక్స్ పనులు ఎప్పటిలాగే నడుస్తాయి.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రుల గురించి పిల్లలు రోజూ అడుగుతున్నారు. 65 నిండి, గ్రీన్‌కార్డుతో వరసగా ఐదేళ్లు ఇక్కడ ఉంటేనే మెడికేర్ కొనుక్కోవచ్చు. ఆసుపత్రి ఖర్చుల భాగమైన పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే తమకు గానీ, భర్తకో భార్యకో గానీ ఇక్కడ 40 క్రెడిట్లు, అంటే పదేళ్ల పని ఉండాలి. కొడుకు ఇరవై ఏళ్లు కట్టిన ట్యాక్స్ అమ్మానాన్నలకు లెక్కలోకి రాదు. గుంటూరులో ముప్ఫై ఐదేళ్లు టీచరుగా చేసిన సర్వీసూ రాదు, ఎందుకంటే ఇండియాకూ అమెరికాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. అలాంటివాళ్లకు 2026లో పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, పార్ట్ బి 202.90. ఒక్కొక్కరికి 767.90. ఇద్దరుంటే 1,535.80. పార్ట్ బి ఒక్కటే తీసుకోవడానికీ వీలుంది కానీ అప్పుడు అడ్వాంటేజ్ రాదు, మెడిగ్యాప్ రాదు, ఆసుపత్రిలో చేరితే బిల్లు మీదే.

పీఏఏడీ గురించి అడక్కుండా వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది మన రాష్ట్రం ఇచ్చే మందుల సాయం. 2025 లెక్కన ఏడాది ఆదాయం ఒంటరిగా ఉన్నవాళ్లకు 53,446 డాలర్ల లోపు, దంపతులకు 60,690 లోపు ఉంటే చాలు. ఆస్తులు అడగరు. పథకం కింద వచ్చే జెనరిక్ మందుకు 5 డాలర్లు, బ్రాండ్ మందుకు 7. కొన్ని మందుల ప్లాన్ల ప్రీమియం కూడా రాష్ట్రమే కడుతుంది. ఆ పరిమితి మీద పదివేల వరకు ఎక్కువున్నవాళ్లకు సీనియర్ గోల్డ్ అనే ఇంకో పథకం ఉంది. రెండింటికీ ఎన్‌జేసేవ్ అనే ఒకే దరఖాస్తు సరిపోతుంది, నింపడానికి నేను సాయం చేస్తాను. దీని మీద నాకు ఎప్పుడూ ఏమీ రాలేదు, ఎప్పుడూ ఆపలేదు.

వచ్చేటప్పుడు ఎరుపు, తెలుపు, నీలం రంగుల మెడికేర్ కార్డు, ప్లాన్ రద్దని వచ్చిన ఉత్తరం, డాక్టర్ల పేర్లు తెచ్చుకోండి. ఆ ఉత్తరం పారేయకండి, మెడిగ్యాప్ కంపెనీ రుజువు అడుగుతుంది. మందుల పేర్లు కాగితం మీద రాసుకుని రావద్దు, స్ట్రిప్పులూ సీసాలూ ఉన్నవి ఉన్నట్టే తీసుకురండి.