నోట్ 5 ప్రోకి తాళం ఆఖర్నే వెయ్యి

ఒరేయ్ మామా,

నీ ఉత్తరానికి జవాబు బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ కంటి ఆపరేషన్ చక్కగా అయింది, చిన్నోడు బళ్లో చేరాడు, వానలు ఇంకా పడలేదు. మిగతా కబుర్లు కలిసినప్పుడు. ఇప్పుడు నా మనసంతా నువ్వు చివర్లో రాసిన ఆ ఒక్క వాక్యం మీదే ఉంది. "ఆదివారం కూర్చుని రెడ్‌మికి మళ్లీ ఎమ్ఐయూఐ ఎక్కించి, బూట్‌లోడర్ లాక్ చేసి నాన్నకి ఇచ్చేస్తా" అన్నావు చూడు, అది. అంటే షావోమీ ఫోన్‌తో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఎమ్ఐయూఐని తిరిగి పెట్టి, ఫోన్‌ని లేపే మొదటి ప్రోగ్రాం బూట్‌లోడర్‌కి తాళం వేస్తానంటున్నావు. ఆగరా బాబూ. ఆ పని మొదలుపెట్టే ముందు ఇది మొత్తం చదువు. స్టాక్, అంటే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్, ఎక్కించడం పెద్ద విషయం కాదు. ఫోన్లు చచ్చిపోయేది లాక్ చేసే దగ్గర.

ముందు నీ అనుమానం తీరుస్తా. ఫోన్‌ని రూట్ చేసే, అంటే లోపలి పూర్తి అధికారం ఇచ్చే, మ్యాజిస్క్ తీసేస్తే నాన్నగారి బ్యాంకు యాప్ తెరుచుకోదా అని అడిగావు. తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. చాలా బ్యాంకు యాప్‌లు గూగుల్ వాళ్ల ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీని అడుగుతాయి. అది రూట్ ఒక్కటే చూడదు. బూట్‌లోడర్ లాక్ అయి ఉందా, లోపలున్నది కంపెనీ సంతకం ఉన్న సాఫ్ట్‌వేరేనా అని కూడా చూస్తుంది. నీ దాంట్లో కస్టమ్ రామ్, అంటే బయటివాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్, ఉంది, బూట్‌లోడర్ తెరిచి ఉంది. కాబట్టి పూర్తిగా వెనక్కి వెళ్లాల్సిందే. నాన్నగారికి ఇవ్వాలనుకోవడం మాత్రం నాకు చాలా నచ్చింది.

ఇక పేరు సంగతి. ఇక్కడే సగం మంది బోర్లా పడతారు. మన దేశంలో 2018 ఫిబ్రవరిలో షావోమీ రెండు ఫోన్లు కలిపి వదిలింది, రెడ్‌మి నోట్ 5, నోట్ 5 ప్రో. మన నోట్ 5లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 625, దాని లోపలి పేరు విన్స్. నీ నోట్ 5 ప్రోలో 636, లోపలి పేరు వైరెడ్. బయటి దేశాల్లో మాత్రం వైరెడ్‌నే ఉత్త "రెడ్‌మి నోట్ 5" అని అమ్మారు! అందుకే పెట్టె మీది పేరు చూసి ఫైల్ దింపుకుంటే ఏది ఎవరిదో తేలదు. ఫోన్ ఆపేసి, వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ కలిపి నొక్కిపట్టుకుంటే కుందేలు బొమ్మ వస్తుంది, అదే ఫాస్ట్‌బూట్, కంప్యూటర్ నుంచి ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే తెర. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లో "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ ప్రోడక్ట్" అని కొట్టు. వైరెడ్ అని జవాబు రావాలి. అలాగే "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ" కొట్టి, వచ్చిన అంకె కాగితం మీద రాసిపెట్టుకో. నీ దాంట్లో 4 వస్తుందనుకుంటున్నా.

ఆ 4 ఎంత ముఖ్యమో చెప్తా విను. 2018 మధ్యలో వచ్చిన ఎమ్ఐయూఐలతో షావోమీ యాంటీ రోల్‌బ్యాక్, అంటే పాత వెర్షన్‌కి వెనక్కి పోనివ్వని అడ్డు, పెట్టింది. ఒకసారి కొత్త వెర్షన్ ఎక్కాక ఆ అంకె ప్రాసెసర్‌లో చెరగకుండా పడిపోతుంది. ఆ తర్వాత అంతకంటే చిన్న అంకె ఉన్న పాత ఎమ్ఐయూఐని బలవంతంగా ఎక్కిస్తే బూట్‌లోడర్ ముందుకు కదలదు. కుందేలూ రాదు, లోగో కూడా రాదు. ఫోన్ ఈడీఎల్ అనే అత్యవసర మోడ్‌లోకి పోతుంది, కంప్యూటర్‌కి క్వాల్‌కామ్ 9008 అని మాత్రమే కనిపిస్తుంది. దాన్ని లేపాలంటే షావోమీ అనుమతి ఉన్న అకౌంట్ కావాలి, అది సర్వీస్ సెంటర్ వాళ్ల దగ్గరే ఉంటుంది. "పాత ఎమ్ఐయూఐ 9 ఎంత హాయిగా ఉండేదిరా" అని నువ్వు నిట్టూరుస్తావని తెలిసే ముందే చెప్తున్నా. దాని జోలికి పోకు. ఆఖరి వెర్షనే దింపు.

దింపాల్సింది ఫాస్ట్‌బూట్ రామ్, అంటే టీజీజెడ్ ఫైల్. జిప్ ఫైల్ రికవరీ రామ్, అది మనకి వద్దు. ఫైల్ పేరు "వైరెడ్ గ్లోబల్ ఇమేజెస్" అని మొదలవుతుంది. వెర్షన్ చివర ఏడు అక్షరాలు ఉంటాయి, పీ ఈ ఐ ఎమ్ ఐ ఎక్స్ ఎమ్. మొదటి పీ అంటే "పై" అని పేరున్న ఆండ్రాయిడ్ 9. ఈఐ అంటే నీ మోడల్. ఎమ్ఐ అంటే గ్లోబల్. ఆ ఎమ్ఐ ఉన్న చోట సీఎన్ ఉంటే అది చైనాది, ముట్టుకోకు. ఫైల్ పేరు చివర అర్థంకాని పది అక్షరాలు కనిపిస్తాయి, అవి ఆ ఫైల్ ఎమ్‌డీ5లో, అంటే ఫైల్ చెడలేదని చూసుకునే వేలిముద్ర లాంటి అక్షరాల వరుసలో, ముక్క. కంప్యూటర్‌లో ఎమ్‌డీ5 లెక్కవేసి ఆ ముక్క అందులో ఉందో లేదో చూడు. సగం దిగిన ఫైల్‌తో మొదలుపెడితే సిస్టమ్ ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోతుంది.

7-జిప్‌తో రెండుసార్లు విప్పాలి. మొదటిసారి టార్ ఫైల్ వస్తుంది, దాన్ని మళ్లీ విప్పితే ఫోల్డర్. ఆ ఫోల్డర్‌ని నేరుగా సీ డ్రైవ్‌లో చిన్న పేరుతో పెట్టు. దారిలో ఎక్కడా ఖాళీ ఉండకూడదు, తెలుగు అక్షరాలూ ఉండకూడదు (నీ కంప్యూటర్‌లో అన్ని ఫోల్డర్లకీ మన హాస్టల్ గదుల పేర్లు పెట్టుకున్నావు కదా, అందుకు చెప్తున్నా). ఫోన్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించే షావోమీ ప్రోగ్రాం మీఫ్లాష్ "ఫ్లాష్ స్క్రిప్ట్ దొరకలేదు" అంటే చాలాసార్లు కారణం ఇదే, లేదా ఫోల్డర్‌లో మళ్లీ ఫోల్డర్ ఉండి నువ్వు పైదాన్ని ఎంచుకోవడం. ఫ్లాష్ ఆల్ బ్యాట్ ఫైల్ (నడిపిస్తే ఎక్కించే పని మొత్తం అదే చేస్తుంది), ఇమేజెస్ ఫోల్డర్ పక్కపక్కనే కనిపించే చోటునే ఎంచుకోవాలి. ఇమేజెస్ లోపల యాంటీ వెర్షన్ అని చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. తెరిచి చూడు. నువ్వు కాగితం మీద రాసుకున్న అంకె కంటే అది తక్కువ ఉండకూడదు.

చెరిపేముందు మూడు పనులు చెయ్యి. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ కంప్యూటర్‌లోకి తీసుకో, ఫోన్‌లో ఏదీ మిగలదు. మామూలు సిస్టమ్ లేవకుండానే బ్యాకప్ తీసుకునే టీడబ్ల్యూఆర్‌పీ తెరలో బ్యాకప్ తెరిచి ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ అన్నవి కనిపిస్తే టిక్ పెట్టి, వచ్చిన ఫైళ్లు కంప్యూటర్‌లో దాచు. ఫోన్ గుర్తింపు నంబర్ ఐఎమ్ఈఐ, సెన్సర్ల లెక్కలు వాటిలో ఉంటాయి, పోతే తిరిగి తెచ్చుకోవడం నరకం. మూడోది, గూగుల్ అకౌంట్ ఫోన్‌లోంచి తీసెయ్యి, షావోమీ వాళ్ల "మీ" అకౌంట్‌లో ఫైండ్ డివైస్ ఆపెయ్యి. ఈ మూడోది మరిచిపోతే స్టాక్ ఎక్కిన తర్వాత మొదటి తెరలోనే నీ పాత పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. ఆ షావోమీ అకౌంట్ ఏ మెయిల్‌తో తెరిచావో నీకు గుర్తుందా? ఆ "పప్పుచారు" మెయిలేనా? ఇప్పుడే లాగిన్ అయి చూసుకో.

బ్యాటరీ 60 శాతం పైన ఉండాలి. కేబుల్ డేటా పోయేదై ఉండాలి. యూఎస్‌బీ 2 పోర్ట్ ఉంటే దాంట్లోనే పెట్టు, యూఎస్‌బీ 3 పోర్టుల్లో, ముఖ్యంగా రైజెన్ కంప్యూటర్లలో, ఫాస్ట్‌బూట్ మధ్యలో ఫోన్‌ని వదిలేస్తుంటుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో "ఆండ్రాయిడ్" అని కనిపిస్తే డ్రైవర్ పడలేదన్నమాట. "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" అని మారాలి.

ఇప్పుడు అసలు చోటుకొచ్చాం. మీఫ్లాష్ తెరవగానే కింద అంచున ఎంచుకునే గుండ్రటి చుక్కలు మూడుంటాయి. క్లీన్ ఆల్, సేవ్ యూజర్ డేటా, క్లీన్ ఆల్ అండ్ లాక్. చాలా వెర్షన్లలో తెరవగానే మూడోదే ఎంపికై ఉంటుంది! ఆ అంచుకి ఎవరి చూపూ పోదు, అందరూ పైనున్న ఫ్లాష్ బటన్ నొక్కేస్తారు. స్టాక్ సరిగ్గా ఎక్కిందో లేదో తెలియకముందే తాళం పడిపోతుంది. ఎక్కినదాంట్లో ఏ చిన్న తేడా ఉన్నా, లాక్ అయిన బూట్‌లోడర్ దాన్ని లేవనివ్వదు, ఫాస్ట్‌బూట్‌లో మళ్లీ ఎక్కించనివ్వదు కూడా. అప్పుడు మళ్లీ అన్‌లాక్ అడగాలి, వాళ్లు పెట్టే గడువు అయ్యేదాకా కూర్చోవాలి. అందుకే చుక్కని క్లీన్ ఆల్ మీదికి జరుపు. సేవ్ యూజర్ డేటా కూడా వద్దు, కస్టమ్ రామ్ వదిలిన డేటా ఎమ్ఐయూఐకి సరిపడదు, లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది. మొదట ఎక్కించు, ఫోన్ లేచాక అన్నీ చూసుకో, ఆ తర్వాతే తాళం. మన వార్డెన్ తలలు లెక్కపెట్టాకే గేటు వేసేవాడు, గుర్తుందిగా?

నన్నడిగితే మీఫ్లాష్ కంటే బ్యాట్ ఫైలే మేలు. ఫాస్ట్‌బూట్ కమాండ్లు నడిపే ప్లాట్‌ఫామ్ టూల్స్ ఫైళ్లన్నీ ఆ ఫోల్డర్‌లోనే వేసి, అక్కడే కమాండ్ విండో తెరిచి ఫ్లాష్ ఆల్ నడిపించు. పక్కనే ఫ్లాష్ ఆల్ లాక్ అని ఇంకొకటి ఉంటుంది, దాన్ని వదిలెయ్. మోడల్ తేడా ఉంటే "ఇమేజ్, డివైస్ కలవలేదు" అని ఇంగ్లీషులో చెప్పి ఆగిపోతుంది. యాంటీ అంకె తక్కువైనా ఆగుతుంది. ఆ రెండు ఆగడాలూ నీ మేలుకే, ఎవరో చెప్పారని బ్యాట్ ఫైల్‌లో ఆ వరుసలు చెరపకు.

మీఫ్లాష్‌తోనే చేస్తానంటే ఇంకొకటి. క్లీన్ ఆల్‌తో అంతా ఎక్కి, ఫోన్ రీస్టార్ట్ అయ్యాక, కంప్యూటర్‌లో ఎర్రగా "నాట్ క్యాచ్ చెక్‌పాయింట్... లాక్... ఫ్లాష్ ఈజ్ నాట్ డన్" అని పడుతుంది. కంగారుపడి కేబుల్ పీకి మళ్లీ మొదలెట్టకు. అది లాక్ కమాండ్ కోసం ఎదురుచూసి, కనిపించక అలా అంటోంది, అంతే. ఫోన్ లేస్తుంటే పని అయినట్టే.

మొదటిసారి లేవడానికి పది నిమిషాలు పట్టొచ్చు. మన కుంభకర్ణుడు కదా, కదిలించకు. లేచాక నాన్నగారి వివరాలేవీ పెట్టకుండా వైఫై కలిపి చూడు. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి ఐఎమ్ఈఐ రెండూ వచ్చాయో లేదో, సిమ్ పట్టిందో లేదో, వేలిముద్ర, రెండు క్యామెరాలు, తెర తిప్పితే తిరుగుతోందా, అన్నీ. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. నువ్వు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదా, అది నిజంగా మన దేశం ముక్కేనా? చైనా ముక్కకి గ్లోబల్ ఎమ్ఐయూఐ ఎక్కించి లాక్ చేస్తే "ఈ ఎమ్ఐయూఐ ఈ ఫోన్‌లో ఎక్కదు" అని రికవరీ తెర వచ్చి కూర్చుంటుంది. పెట్టె మీది స్టిక్కర్ చూడు, పెట్టె లేకపోతే సెల్ఫీ క్యామెరా చూడు. మన నోట్ 5 ప్రోకి ముందు 20 మెగాపిక్సెల్, బయటి నోట్ 5కి 13. అనుమానం మిగిలితే లాక్ చెయ్యనే వద్దు, నాన్నగారికి వేరే దారి చూద్దాం.

అంతా సరిగ్గా ఉంటేనే మళ్లీ కుందేలు తెరకి వెళ్లి "ఫాస్ట్‌బూట్ ఓఈఎమ్ లాక్". డేటా పోతుందనుకునే కొట్టు, అందుకే ఖాళీ ఫోన్ మీద చెయ్యమన్నా. తర్వాత లోగో కింద అన్‌లాక్డ్ అన్న మాట పోవాలి. సెట్టింగ్స్‌లో ఎమ్ఐయూఐ వెర్షన్‌ని ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, వాటిలో "మీ అన్‌లాక్ స్టేటస్" అన్నది చూడు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద ప్లే ప్రొటెక్ట్ దగ్గర సర్టిఫైడ్ అని ఉంటే బ్యాంకు యాప్ వేసి చూడు.

మనసులో ఒక బాధ ఉంది, దాచను. స్టాక్ అంటే ఈ ఫోన్ ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆగిపోయింది, భద్రతా ప్యాచ్‌లు రావడం ఎప్పుడో మానేశాయి. నాన్నగారి పింఛను ఖాతా పూర్తిగా దీని మీదే నడపడం నాకు ఇష్టం లేదు. యూపీఐకి కొద్ది డబ్బుండే వేరే ఖాతా ఒకటి కలిపితే... దాని సంగతి నాన్నగారితో నేనే మాట్లాడతాలే. అన్నట్టు డ్రైవర్ వేసేటప్పుడు విండోస్ సంతకం లేదని ఆపితే,

కరెంటు పోయిందిరా, ఇన్వర్టర్ కూడా కుయ్యిమంటోంది. కుందేలు తెర దగ్గరికి వచ్చాక ఫోన్ చెయ్యి, లాక్ కమాండ్ మాత్రం నేను లైన్లో ఉన్నప్పుడే కొట్టు.

నీ
మామ