కుర్రకారు చేతికి మైకు ఇచ్చి చూడండి

సంపాదకులు గారికి, నమస్కారం.

నా చిన్నప్పుడు పొద్దున 6.45కి ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయంటే మా ఇంట్లో గడియారం చూడాల్సిన పని ఉండేది కాదు. వార్తలు అయ్యేసరికి నేను స్నానం ముగించాలి. ఇప్పుడు నేను మైలవరంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈమధ్య ఒకరోజు క్లాసులో "మీలో రేడియో వినేవాళ్లు ఎవరు?" అని అడిగితే నలుగురు చేతులెత్తారు. ముగ్గురు పాటల కోసం వింటారట. నాలుగో అమ్మాయి "మా తాతయ్య పెడతాడు సార్, అందుకని చెవిన పడుతుంది" అంది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా "రీల్స్ చూసే పిల్లలకు మాటలు వినే ఓపిక ఎక్కడుంటుందండీ" అంటున్నారు. నేను ఒప్పుకోను. విజయవాడ బస్సులో నా పక్కన కూర్చునే కుర్రాళ్ల చెవుల్లో ఎప్పుడూ పాటలే ఉండవు. ఒకడు గ్రూప్-2 కోసం కరెంట్ అఫైర్స్ వింటాడు. ఇంకొకడు క్రికెట్ గురించి ఇద్దరు వాదించుకుంటుంటే దిగేదాకా వింటూనే ఉంటాడు. వాళ్లకు మాటలంటే విసుగు లేదు. తమకు సంబంధం లేని మాటలంటేనే విసుగు.

రెండేళ్ల కిందట జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక రేడియో కేంద్రం వాళ్లు, పేరు అనవసరం, నీటి పొదుపు మీద మాట్లాడటానికి మా విద్యార్థిని ఒకణ్ణి పంపమన్నారు. ప్రసంగం ముందే రాసి చూపించాలన్నారు. రాశాడు. అందులో సగం కొట్టేసి, "జలమే జీవనాధారం" లాంటి వాక్యాలు చేర్చి తిరిగి ఇచ్చారు. స్టూడియోలో ఎర్ర లైటు వెలగగానే పాపం ఆ పిల్లాడు కాగితం రెండు చేతులతో పట్టుకుని, పరీక్షలో పద్యం అప్పజెప్పినట్టు చదివేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వాళ్ల ఊరి చెరువు సంగతి ఎత్తాడు. తూము తలుపు విరిగి మూడేళ్లయిందట. నీళ్లు నిలవడం లేదని వాళ్ల తాత రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని వెళ్లి, యూరియా సంచుల్లో మట్టి నింపి తూముకు అడ్డం వేసి వస్తాడట. పొద్దునకల్లా పక్క పొలాల వాళ్లు ఆ సంచులు లాగేస్తారట. మా ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు వెనక్కి తిరిగి మరీ విన్నారు. రేడియోలో రావాల్సింది ఆ మాట. కానీ వచ్చింది ఆ కాగితం.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. 1969లో ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో 'యువవాణి' మొదలైంది. తర్వాత హైదరాబాద్‌తో సహా ఎన్నో కేంద్రాలకు వచ్చింది. పదిహేను నుంచి ముప్ఫై ఏళ్ల లోపు వాళ్ల కోసం, వాళ్లతోనే నడిపించిన కార్యక్రమం అది. మన జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి నడుస్తున్న సంఘం రేడియోను చూడండి. పల్లెటూరి దళిత మహిళలు తమ యాసలో, తమ పంటల గురించి తామే మాట్లాడుకుంటారు. తమ మాట తమకు వినపడితే జనం వింటారు. మన కాలేజీ పిల్లలైనా అంతే.

ప్రైవేటు ఎఫ్ఎంల వల్ల ఈ పని అయ్యేలా లేదు. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి వాళ్లకు లేదు. ఆకాశవాణి వార్తలనే ఉన్నవి ఉన్నట్టు వినిపించాలి. గంటకు పది నిమిషాలు వార్తలకు, వర్తమాన విషయాలకు అనుమతించమని 2023లో టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. అదెలా ఉన్నా, ఊరి సంగతులు మాట్లాడే హక్కు, స్టూడియోలు, ట్రాన్స్‌మిటర్లు అన్నీ చేతిలో ఉన్నది ఆకాశవాణికే. మరి పిల్లలను పిలిచే బాధ్యత కూడా దానిదే కదా.

ఏం మాట్లాడాలి అంటారా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని సర్టిఫికెట్లు ఆపితే ఎవరిని అడగాలి? సాయంత్రం ఆరు దాటితే మా ఊరి వైపు బస్సు ఎందుకు లేదు? డబ్బు కడితే ఉద్యోగం అని ఫోన్ చేసేవాడు మోసగాడని ఎలా తెలుస్తుంది? లోన్ యాప్‌లో చిక్కుకున్న అన్నయ్య ఇంట్లో ఎలా చెప్పాలి? మా పిల్లలు స్టాఫ్ రూమ్ దాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడి నన్ను అడిగే ప్రశ్నలివి. ఇవే రాత్రి తొమ్మిదింటికి లైవ్‌లో, సంబంధిత అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి, ఒక డిగ్రీ అమ్మాయి అడిగితే ఎవరు వినరు? మధ్యాహ్నం పూట పెడితే మాత్రం పిల్లలు క్లాసుల్లో ఉంటారు. ఆకాశవాణి యాప్‌లో లైవ్ వస్తుంది, మంచిదే. కానీ అయిపోయాక వెతికితే దొరకాలి. గంట కార్యక్రమాన్ని గంటా అలాగే పెట్టకుండా, ఒక్కో ప్రశ్నను ఐదారు నిమిషాల ముక్కగా చేసి అదే రాత్రి పెడితే పిల్లలే వాట్సాప్‌లో పంపుకుంటారు.

ఇది సరదా కోసం అడుగుతున్నది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పూర్వ విద్యార్థిని కుటుంబం డాబా మీద రెండు రాత్రులు గడిపింది. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. అంతకు ముందు చివరిగా వచ్చిన మెసేజ్ "మళ్లీ గండి పడిందట, పారిపోండి" అని. ఎవరు పంపారో, నిజమో కాదో తెలియదు. చంటిపిల్లను ఎత్తుకుని తెల్లవార్లూ నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నామని చెబుతూ ఆ అమ్మాయి ఏడ్చింది. వాళ్లింట్లో రేడియో లేదు. రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే వస్తువు అది. ఆపద రోజున రేడియో గుర్తుకు రావాలంటే మామూలు రోజుల్లో దాంతో పరిచయం ఉండాలి. ఎఫ్ఎం సౌకర్యం ఉన్న ఫోన్లలో దాన్ని ఆపేసి ఉంచొద్దని కేంద్ర ఐటీ శాఖ 2023లో తయారీదార్లకు సూచించింది. సూచన దగ్గరే ఆగకుండా అది తప్పనిసరి చేయాలి.

రేడియో కేంద్రాల అధికారులు మీ పత్రిక చదువుతారని ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కాలేజీకి రండి. స్టూడియో అక్కర్లేదు, ఒక రికార్డర్ తెస్తే చాలు, వేపచెట్టు కింద కూర్చుందాం. చెరువు సంగతి చెప్పిన కుర్రాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, కబురు పెడితే వస్తాడు. రాసుకు రమ్మని మాత్రం అనకండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ అధ్యాపకుడు,
మైలవరం, ఎన్టీఆర్ జిల్లా.